మందుల దుకాణంలో కంప్యూటర్: చెవిన పెట్టకూడని ఆరు సలహాలు

మందుల దుకాణంలో కంప్యూటర్ పెడుతున్నామంటే సలహాలిచ్చేవాళ్లకు కొదవ ఉండదు. పక్క కొట్టాయన, హోల్‌సేల్ దగ్గర పనిచేసే కుర్రాడు, సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినాయన, అందరూ మన మంచి కోరే చెబుతారు. కానీ వాటిలో కొన్ని పాటిస్తే నష్టం దుకాణంతో ఆగదు, మందు మింగే రోగి దాకా వెళుతుంది. అలాంటి ఆరు సలహాలు ఇవి.

1. "ముందు సాఫ్ట్‌వేర్ కొనేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు."

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీరు లెక్క ఉంచాల్సినవన్నీ విడివిడి గడుల్లో రాయండి: మందు, బ్యాచ్, డిస్ట్రిబ్యూటర్, కొనుగోలు బిల్లు, అమ్మకం బిల్లు, అరువు ఖాతా, డాక్టరు. దేనికి దేనితో సంబంధముందో గీతలు గీయండి. ఒక మందుకు చాలా బ్యాచ్‌లు, ఒక బిల్లులో చాలా మందులు. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన డేటా మోడలింగ్ పద్ధతికి మూలం ఇదే. డాక్టరు గడి ఎందుకంటే, షెడ్యూల్ హెచ్1 మందు అమ్మితే డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలన్న నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. కాగితం మీద ఆ గడి గీసుకుంటేనే సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు దాని గురించి అడగాలని గుర్తుంటుంది.

2. "మందు పేరు, ఉన్న స్టాకు, ఈ రెండూ తెలిస్తే చాలు."

పారాసిటమాల్ 650 స్టాకు 30 స్ట్రిప్పులని స్క్రీన్ మీద కనిపిస్తుంది. అలమర దగ్గరికెళ్లి చూస్తే అందులో 12 స్ట్రిప్పులు వచ్చే నెలలో ఎక్స్‌పైరీ, మిగతా 18 వచ్చే ఏడాది. ఎమ్మార్పీలూ వేరు. కౌంటర్లో కుర్రాడు చేతికందినది ఇస్తాడు, ముందు అమ్ముడుపోవాల్సినవి వెనకే ఉండిపోతాయి. ఫలానా బ్యాచ్ నాసిరకమని, వెనక్కి పంపమని కబురొస్తే అది ఎవరెవరికి అమ్మారో చెప్పలేరు. స్టాకు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ బ్యాచ్‌కు చెందినవి, మందు పేరుకు కాదు. ఈ ఒక్క సంగతి సరిగ్గా కుదిరితే సగం పని అయినట్టే.

3. "స్ట్రిప్పుల్లోనే లెక్క పెట్టండి."

పది మాత్రల స్ట్రిప్పులుంటాయి, పదిహేను మాత్రలవీ ఉంటాయి. నాలుగు చాలన్న పెద్దాయనకు 0.4 స్ట్రిప్పు అని బిల్లు కొడుతూ పోతే నెలాఖరుకు స్టాకు కలవదు. స్టాకు మాత్రల్లో ఉంచండి, స్ట్రిప్పుకు ఎన్ని మాత్రలో వేరే గడిలో రాయండి. లూజుగా అమ్మేటప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ముద్రించిన వైపు చివరిదాకా మిగిలేలా కత్తిరించండి.

4. "రేటు మారితే పాతది చెరిపి కొత్తది వేయండి."

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సెప్టెంబరు 10 నాటి బిల్లు పట్టుకుని ఒకరు మందు వాపసు ఇవ్వడానికి వచ్చారనుకోండి. ఆయన కట్టింది 12 శాతం. పాత రేటు చెరిపేసిన కంప్యూటర్‌కు తెలిసింది 5 శాతమే. పన్ను రేటు పక్కన అది అమల్లోకి వచ్చిన తేదీ ఉండాలి. అమ్మిన రోజు ధర, పన్ను ఆ బిల్లులోనే చెరగకుండా నిలిచిపోవాలి.

5. "ఎక్సెల్ ఉండగా ఇంకేం కావాలి?"

లెక్కలు వేసుకోవడానికి ఎక్సెల్ మంచిదే, స్టాకు రిజిస్టరుగా నమ్మదగింది కాదు. సెట్టింగులు మార్చకపోతే బ్యాచ్ నంబరు 0047 కాస్తా 47 అయిపోతుంది. ఇంగ్లిష్ అక్షరంతో 12ఈ5 అని కొడితే 12 లక్షల అంకెగా మారుతుంది. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువులకు పేర్లే మార్చాల్సి వచ్చింది. 2020లో ఇంగ్లండ్‌లో పాత రకం ఎక్సెల్ ఫైలు 65,536 వరుసలకు మించి పట్టక, దాదాపు 16,000 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు రాలేదు.

6. "డెమో బాగుంది కదా, తీసేసుకోండి."

డెమోలో ఉండేవి అమ్మేవాళ్లు ఎంచుకున్న బిల్లులు. మీరు బాగా రద్దీగా ఉన్న రోజు బిల్లుల కట్ట తీసుకెళ్లి, వాళ్ల ముందే కొట్టించండి. లూజు మాత్రలు, వాపసులు, డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపిన ఎక్స్‌పైరీ సరుకు, సగం కట్టి సగం అరువు పెట్టిన ఖాతా, అన్నీ అందులో ఉండాలి. మధ్యలో నెట్ తీసేసి బిల్లు వస్తుందో లేదో చూడండి. చివరగా, సాఫ్ట్‌వేర్ మానేసిన రోజున బ్యాచ్‌లు, బిల్లులు, ఖాతాలు మొత్తం సీఎస్‌వీ ఫైళ్లుగా మీ చేతికి వస్తాయా అని అడగండి. మాటతో సరిపెట్టుకోకుండా అక్కడికక్కడే తీసి చూపించమనండి. చూపించలేకపోతే ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.