చిల్లు పడ్డ గవ్వ

ఉయిదాను రేవు అంటారు గానీ, అక్కడ ఓడ ఆగే చోటే లేదు. ఆఫ్రికా పడమటి తీరంలో, ఇప్పటి బెనిన్, ఒకప్పటి దహోమీ రాజ్యంలో ఉందది. ఊరేమో సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపల. మధ్యలో ఉప్పుటేరు, బురద, ఇసుక. కెరటాల ధాటికి జడిసి ఓడలు దూరంగానే లంగరు వేసేవి. సరుకైనా మనుషులైనా పడవలమీదే అటూ ఇటూ. పడవ బోల్తా పడితే సొరచేపలు కాచుకుని ఉండేవి. ఇలాంటి చోటినుంచి రెండు వందల ఏళ్లలో పది లక్షల మందికి పైగా బానిసలుగా ఓడలెక్కారు. ఆఫ్రికా తీరంలో దీన్ని మించింది అంగోలాలోని లువాండా ఒక్కటే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. నేనప్పుడు డబ్బును.

పుట్టింది మాల్దీవుల్లో. కొబ్బరి మట్టలు లోతులేని నీళ్లలో వేసి, వాటికి అంటుకున్న మమ్మల్ని ఒడ్డుకు లాగి దులిపి, ఇసుకలో పాతిపెట్టేవాళ్లు. లోపలి జీవం కుళ్లిపోయాక కడిగితే పింగాణీలా మెరిసేవాళ్లం. బియ్యం కోసం వెళ్లే ఓడల్లో బాలాసోర్‌కు, బెంగాల్‌కు చేరాం. అక్కడ ఐరోపా కంపెనీలు కొని, ఓడ అడుగున బరువు కోసం పోసి, ఆమ్‌స్టర్‌డామ్, లండన్ వేలంపాటలకు పట్టుకెళ్లాయి. అక్కడ పాడుకున్నవాళ్లు పీపాలకెత్తి గినియా తీరానికి పంపారు. ఆ ఓడల్లో గుడ్డల మూటలూ ఉండేవి. కోరమాండల్ నేత, మీ మచిలీపట్నం ఉన్న తీరానిదే. బానిసలకు బదులిచ్చే సరుకుల్లో అదీ ఒకటి. ఏ ఊరి సాలె నేశాడో గానీ, తన గుడ్డ ఎవరి మెడకు చుట్టుకోబోతోందో అతనికి తెలిసి ఉండదు.

పడవ దిగగానే పీపాలు కూలీల నెత్తికెక్కేవి. ఆ నాలుగు కిలోమీటర్లూ నడక. వాళ్ల కూలీ కూడా గవ్వల్లోనే. అదే ఇసుక దారిలో ఎదురుగా సంకెళ్ల వరసలు వచ్చేవి, సముద్రం వైపు. మేం ఊళ్లోకి, వాళ్లు ఓడలోకి. దారి ఇరుకు. ఒక వరస పక్కకు జరిగితే గానీ ఇంకో వరస సాగేది కాదు. ఎప్పుడూ జరిగింది వాళ్లే.

మొదట్లో మనిషి ఖరీదు కొన్ని వేల గవ్వలు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోపు లక్ష దాటింది. ఊళ్లో మా వీపుకు చిల్లు పొడిచి దారానికి గుచ్చేవారు. నలభై అయితే ఒక దండ, అయిదు దండలు రెండు వందలు, అవి ఇరవై అయితే నాలుగు వేలు. ఓ మనిషిని కొన్న దండ మర్నాటికల్లా విడిపోయేది. బజారులో మొక్కజొన్న ముద్ద అమ్మే ఆవిడ గంప కింద ఒకటి, గుడి ముందు ఒకటి. చాపమీద కూర్చుని మమ్మల్ని ఎంచే ఆడవాళ్ల వేళ్లు చూసి తీరాలి, ఒక్కటి తగ్గినా ఒప్పుకునేవాళ్లు కాదు.

చచ్చిన బానిసల్ని సముద్రంలో వేసి, ఆ శవాలకు అంటుకున్న గవ్వల్ని ఏరుకునేవారని ఆ తీరంలో ఒక కథ ఉంది. అది నిజం కాదు, కొబ్బరి మట్టల సంగతి చెప్పాను కదా. కానీ ఆ కథ కట్టినవాళ్లతో నేను వాదించను. డబ్బు ఎక్కడినుంచి వస్తోందో వాళ్లకు సరిగ్గానే అర్థమైంది.

కొన్నది తెల్లవాళ్లే, నిజమే. అమ్మింది? 1727లో దహోమీ రాజు అగాజా ఈ తీరాన్ని యుద్ధం చేసి గెలుచుకున్నాడు. తెల్లవాళ్లతో వ్యవహారం చూడ్డానికి యొవొగాన్ అనే అధికారి ఉండేవాడు. ఫ్రెంచి, ఇంగ్లిషు, పోర్చుగీసు కోటలు మూడూ అతని కనుసన్నల్లోనే. తర్వాత బ్రెజిల్‌నుంచి ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా వచ్చాడు. కొత్తలో తిండికి లేక గుళ్ల ముందు పెట్టిన గవ్వలు దొంగిలించి బతికాడని చెప్పుకుంటారు. అలాంటివాడు దహోమీ రాజు గెజోకు ఆప్తుడై, 'చాచా' బిరుదుతో తీరంలో బానిస వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1849లో పోయాడు.

1860 నాటికి అమెరికాలోకి బానిసల్ని తేవడం నేరమై యాభై ఏళ్లు దాటింది. అయినా క్లోటిల్డా అనే ఓడ వచ్చింది. కెప్టెన్ మమ్మల్ని కాదు, బంగారం తెచ్చాడు. ఉయిదా కొట్టాల్లోంచి నూటపది మంది దాకా ఎక్కించుకుని, అలబామాలో దింపి, సాక్ష్యం మిగలకుండా ఓడకు నిప్పుపెట్టాడు. వాళ్లలో కొసోలా ఒకడు. అయిదేళ్లకు స్వేచ్ఛ వచ్చింది గానీ చేతిలో చిల్లిగవ్వ లేదు, తిరిగొచ్చే దారీ లేదు. కూలి డబ్బు కూడబెట్టి తోటివాళ్లతో అక్కడే నేల కొని ఆఫ్రికాటౌన్ కట్టుకున్నాడు. జోరా నీల్ హర్‌స్టన్ అనే రచయిత్రి 1927లో అతని దగ్గర కూర్చుని కథంతా విన్నది. ఆ పుస్తకం అచ్చయింది 2018లో!

మా పతనం మాటకొస్తే, జాంజిబార్ వైపునుంచి మాకంటే లావుపాటి గవ్వల్ని జర్మన్ వర్తకులు ఓడలకొద్దీ తెచ్చి కుమ్మరించారు. విలువ మట్టిపాలైంది. తర్వాత ఫ్రెంచివాళ్ల పాలన, వాళ్ల నాణేలు. పోర్చుగీసు కోట మాత్రం ఊరి నడుమ పిసరంత పరాయి దేశంగా 1961 దాకా మిగిలింది. ఖాళీ చేయమంటే అక్కడి అధికారి నిప్పంటించి మరీ వెళ్లాడు. తర్వాత అది మ్యూజియం అయింది.

నేనిప్పుడు తీరంలో ఒకావిడ పళ్లెంలో, కంకణంలో ఉన్నాను. దగ్గర్లోనే 1995లో కట్టిన 'తిరిగిరాని ద్వారం'. 2024లో బెనిన్ కొత్త చట్టం చేసింది. ఆఫ్రికానుంచి బానిసలుగా పోయినవాళ్ల వారసులు రుజువు చూపిస్తే పౌరసత్వం ఇస్తారట. డి.ఎన్.ఎ. పరీక్ష కాగితాలైనా సరే. డి సౌజా వంశం ఊళ్లోనే ఉంది, ఇప్పటికీ చాచాను ఎన్నుకుంటుంది. జనవరి 10న అక్కడి పాత మతం వోడున్ పండుగకు అమ్మినవాళ్ల మునిమనవలూ, అమ్ముడైనవాళ్ల మునిమనవలూ ఒకే ఇసుకలో తిరుగుతారు. ఎవరెవరో పళ్లెం ఆవిడకు తెలియదు. అందరికీ ఒకే ధర చెబుతుంది.