డబ్బా తిరిగొచ్చింది

విశాఖ సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ ఒకడే, లిఫ్టు ఒకటే, జీడిపప్పు డబ్బా కూడా ఒకటే. కిందటేడు దీపావళికి మూడో అంతస్తు వదినగారికి నేనిచ్చిన డబ్బా అది. పలాస జీడిపప్పు, అరకిలో, మూత మీద బంగారు రంగు నెమలి. సంక్రాంతికి మళ్ళీ నా చేతికే వచ్చింది, ఈసారి రెండో అంతస్తు ఆవిడ నుంచి. ధర చీటీ గీకితే సగమే ఊడి, మిగిలిన ముక్క అచ్చం శ్రీకాకుళం జిల్లా పటంలా ఉండిపోయింది. గీకిన గోరు నాదే గనక నాకు బాగా గుర్తు. మూడు నెలల ప్రయాణానికి లోపల పప్పు కాస్త మెత్తబడింది గాని, నెమలి మాత్రం చెక్కుచెదరలేదు.

"అరె, ఇది నేనిచ్చిందే కదండీ!" అన్నాను. తప్పిపోయిన గొడుగు దొరికినంత సంతోషంగా అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆవిడ మెట్లు దిగాక, "నీకు లోకం ఎప్పటికి తెలుస్తాదే?" అంది.

లోకం సంగతే మాట్లాడదాం.

నాకు నలభై మూడేళ్ళు. ముప్పై తొమ్మిదో ఏట, మేనల్లుడి కోసం డాక్టరుగారిచ్చిన ప్రశ్నల కాగితం నింపడానికి సాయం కూర్చుంటే, వాడి జవాబుల కంటే నా జవాబులే ముందు తోసుకొచ్చాయి. పరీక్షలయ్యాక ఆటిజం అన్నారు, దానికి తోడు ఏడీహెచ్‌డీ అన్నారు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం ప్రకారం 2013 దాకా ఈ రెండూ ఒకే మనిషికి రాయకూడదట. ఆ ఏడాది సవరించారు గనక నాకు రెండూ దక్కాయి. మన దేశంలో 2016 చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచి అందులో ఆటిజానికి పేరు పెట్టి మరీ చోటిచ్చింది. పార్లమెంటుకి అర్థమైన ముక్క మా పిన్నికి ఎక్కలేదు. "అది పిల్లలకొచ్చేది కదే, నీకెలా వచ్చింది?" అంటుంది. ఆ పిల్లలు పెద్దవకుండా ఎక్కడికి పోతారు పిన్నీ?

నా మీద ఉన్న నేరారోపణ చిన్నదే. నాకు గిఫ్టు ఇవ్వడం రాదు, పుచ్చుకోవడం అసలే రాదు. ఇచ్చేముందు "మీకేం కావాలి?" అని అడుగుతాను. పుచ్చుకునేముందు నాకేం కావాలో చెబుతాను. ఈ రెండూ సభ్యతకి విరుద్ధమని తేల్చారు. మనసుతో ఇచ్చేవాళ్ళు అడగరట, వాళ్ళకి తెలిసిపోతుందట. ఇంకా ఉన్నాయి సూత్రాలు. ధర చెప్పకూడదు, కానీ తెలిసేట్టు చూడాలి. ఇచ్చినవాళ్ళ ముందు విప్పకూడదు, కానీ ఎంత బాగుందో చెప్పాలి. పుచ్చుకునేవాళ్ళు "ఎందుకండీ ఇవన్నీ" అనాలి. మొదటిసారి నాతో ఎవరో అలా అంటే ఎందుకో వివరంగా చెప్పాను. "అబ్బే వద్దండీ" అన్నారు. వద్దన్నారు కదా అని వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ కుటుంబం ఇప్పటికీ రైతుబజారులో నేను కనిపిస్తే వంకాయల వైపు తిరిగిపోతుంది.

సరే, మనసు తెలుసుకునే విద్య నాకు లేదు, ఒప్పుకున్నాను. ఆ విద్య వచ్చినవాళ్ళ చేతి ఫలితం చూద్దాం. మా ఫ్లాటు గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలు పదకొండు. ఇల్లు రెండు పడగ్గదులది. పదకొండు కుటుంబాలు విడివిడిగా, ఎవరికి వారు, నా అంతరంగంలోకి తొంగి చూసి, అక్కడ టైము తెలియని బాధ కనిపెట్టాయన్నమాట. గడియారం టిక్కుమంటే రెండు గదుల అవతలికి వినపడే చెవులు నావి. ఆ రాత్రి పదకొండూ పదకొండు తాళాల్లో కొట్టుకుంటూంటే, పొద్దున్నే లేచి అన్నింటికీ బ్యాటరీలు పీకాను. పదింటిని అటక మీద పెట్టాం. ఒకటి హాల్లో ఉంది, ఆగిపోయి. వచ్చినవాళ్ళంతా అది తామిచ్చిందే అనుకుంటారు.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికశాస్త్రం మాస్టారు 1993లో క్రిస్మస్ బహుమతుల మీద లెక్క కట్టాడు. అమెరికాలో యేల్ విద్యార్థుల్ని అడిగి, వచ్చిన వస్తువులకి వాళ్ళే అయితే ఎంత పెట్టేవారో కూడి చూస్తే, ఇచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చులో పదోవంతు నుంచి మూడోవంతు దాకా గాలికి పోతోందని తేలింది. గోడ గడియారాల సంగతి ఆయనకి తెలిసుంటే ఇంకా పైకి వెళ్ళేది. డామియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సామాజిక శాస్త్రవేత్త ఉన్నాడు, ఆయనా ఆటిస్టిక్కే. 2012లో ఒక మాట రాశాడు. మాలాంటివాళ్ళకి మీ మనసు అందకపోవడం ఎంత నిజమో, మీకు మా మనసు అందకపోవడం అంతే నిజం, లోటు రెండు వైపులా ఉంది అని. తేడా ఒక్కటే. మాకు అందనప్పుడు మేం అడుగుతాం. మీకు అందనప్పుడు మీరు గడియారం కొంటారు.

ఇదంతా మన సంప్రదాయం అని మాత్రం అనకండి, మీకు పుణ్యముంటుంది. మన సంప్రదాయం నాలాంటి బుర్రలకి కుట్టించిన చొక్కా. శ్రావణమాసం వాయనం చూడండి. ఏం ఇవ్వాలో ముందే రాసి ఉంది. నానబెట్టిన శనగలు, ఆకూ వక్కా, పసుపు కుంకుమ, పండు, జాకెట్టు ముక్క. ఏం మాట్లాడాలో కూడా రాసి ఉంది. ఇచ్చే ఆవిడ "ఇస్తినమ్మ వాయనం" అంటుంది, పుచ్చుకునే ఆవిడ "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది. అయిపోయింది. ముఖంలో ఆశ్చర్యం పలికించనక్కర్లేదు, "అయ్యో ఎందుకండీ" లేదు. నా జీవితంలో ఏ బెరుకూ లేకుండా నలుగురిలో మాట్లాడిన మాటలు ఆ రెండే. జాకెట్టు ముక్క ఎవరికీ సరిపోదనీ, ఏ రంగు చీరకీ కలవదనీ, రేపు ఇంకో వాయనంలోకి వెళ్ళిపోతుందనీ అందరికీ తెలుసు. తిరగడం దాని వృత్తి. అది నా చీర కోసమే వెతికి తెచ్చానని ఏ పేరంటాలూ అబద్ధమాడదు. జీడిపప్పు డబ్బాకీ దానికీ ఉన్న తేడా అదే.

చదివింపులు ఇంకా గొప్ప. అమ్మ పెళ్ళి 1980లో. చదివింపుల పుస్తకం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. చేతిరాత బాగుంటుందని మా పెద్ద మావయ్యని కూర్చోబెట్టారట. పొడుగాటి నోటుబుక్కు, మూలలకి పసుపు, లోపల నీలం సిరా. స్టీలు బిందె 1. ఇత్తడి చెంబు 1. పదకొండు రూపాయలు. నూటపదహార్లు. ఒక పేరు పక్కన "చేతులూపుకుంటూ" అని రాసి, మళ్ళీ కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వీలుగానే కొట్టేశారు. ఎవరింట పెళ్ళయినా అమ్మ ఈ పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అప్పటి పదకొండు ఇప్పటికి ఎంతవుతుందో బియ్యం ధరతో లెక్క కడుతుంది. ఫ్రాన్సులో మార్సెల్ మోస్ 1925లో పెద్ద వ్యాసమే రాశాడు, ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి, బహుమతి అంటే ఈ మూడు బాధ్యతలేనని. పసిఫిక్ దీవుల నుంచి మన ధర్మశాస్త్రాల దాకా వెతికాడు. మా పెద్ద మావయ్య నోటుబుక్కు దొరికుంటే అంత తిరగక్కర్లేకపోయేది. పైగా ఆ రోజుల్లో గిన్నె ఇస్తే దాని మీద పేరూ తేదీ చెక్కించి ఇచ్చేవారు. ఇంకొకరికి దాటించడానికి వీల్లేకుండా చేసే విద్య అది.

అడగడం మొరటుతనమా? అలకపాన్పు ఎక్కిన పెళ్ళికొడుకు మూతి ముడుచుకుని కూర్చుంటే, అత్తవారే వచ్చి "ఏం కావాలి నాయనా" అని బతిమాలేవారు. వాచీ అనేవాడు, స్కూటరు అనేవాడు. అతనికి లోకం తెలియదని ఎవరూ చెయ్యి గిల్లలేదు. ఆ ఆచారం కట్నానికి పినతల్లి బిడ్డే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అడిగే హక్కు అల్లుడికుంటే వేడుక, నాకుంటే రోగలక్షణం ఎలా అయిందని మాత్రమే నా ప్రశ్న. ఇక దానం సంగతి. మా సీతమ్మధార పేరులోనే ధార ఉంది. దానం అంటే చేతిలో నీళ్ళు వదిలి ధారపోయడం. ఇచ్చేవాడు "న మమ" అంటాడు, ఇక నాది కాదు అని. బలి చక్రవర్తి కూడా ముందు ఏం కావాలనే అడిగాడు. వామనుడు మూడడుగులని కొలతతో సహా చెప్పాడు. బలి గనక "నీ మనసు నాకు తెలుసులే" అని గోడ గడియారం చేతిలో పెట్టి పంపేసి ఉంటే ముల్లోకాలూ మిగిలేవి, నిజమే. అప్పుడు భాగవతంలో ఆ కథా ఉండేది కాదు, శుక్రాచార్యుడికి కన్నూ పోయేది కాదు.

రోగనిర్ధారణ తర్వాత నాకు వచ్చే గిఫ్టులు మారాయి. ఇప్పుడు నాకు కాదు, నా ఆటిజానికి ఇస్తున్నారు. పజిల్ ముక్క బొమ్మ ఉన్న కప్పులు రెండు వచ్చాయి. "నీది సూపర్ పవర్" అని ఒక ఫ్రేము. అన్నింటికీ తలమానికం మా తమ్ముడు న్యూజెర్సీ నుంచి మోసుకొచ్చిన దుప్పటి. ఏడు కిలోలు. లోపల గాజు పూసలు. ఒంటి మీద బరువు పడితే ప్రాణం కుదుటపడుతుందని పెట్టె మీద రాసుంది. కొందరికి పడుతుంది, కాదనను. వాళ్ళ ఊళ్ళో చలి ఉంటుంది. విశాఖలో సముద్రపు గాలికి పలచటి పంచె కప్పుకుంటేనే ఒళ్ళు జిగటగా అంటుకుంటుంది, ఏడు కిలోల గాజు పూసల కింద పడుకోవాలా? వాడికున్న ఇరవై మూడు కిలోల లగేజీలో ఏడు ఇదే తినేసింది. ఒక్క వాట్సాప్ మెసేజీ చేసి ఉంటే రెండు ప్యాకెట్ల చెవి ప్లగ్గులు తెమ్మనేదాన్ని, పది గ్రాములు. వాడేమో "అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుంది అక్కా" అన్నాడు. దుప్పటి వృథా పోలేదు లెండి. మేడ మీద అమ్మ వడియాలు పెట్టిన గుడ్డ గాలికి లేవకుండా దాని అంచు మడిచి వేస్తుంది. వడియాలకి ప్రాణం కుదుటపడింది.

ఆఫీసులో క్రిస్మస్‌కి సీక్రెట్ శాంటా అని పెట్టారు. చీటీలు తీయాలి, ఐదొందలు దాటకూడదు, ఎవరికిస్తున్నామో చెప్పకూడదు. నాకు వచ్చిన పేరు మా ఎకౌంట్స్ ఆయనది. వెళ్ళి అడిగాను. గది గదంతా నన్ను హత్య చేసినదాన్ని చూసినట్టు చూసింది. ఆయన మాత్రం క్షణం ఆలోచించకుండా "వానకి బండి సీటు తడిసిపోతోందమ్మా, కవరుంటే బాగుణ్ణు" అన్నాడు. కొన్నాను. నాకు సువాసన కొవ్వొత్తి వచ్చింది, మూత తీసిన మరుక్షణం నుంచి నెత్తి పగిలే నొప్పి. ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి, ఆ సీటు కవరు ఇంకా ఉంది. కొవ్వొత్తి కూడా ఇంకా ఉంది, ఎవరింట్లోనో.

చివరికి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. పొందూరు ఖద్దరు చీర, అంచు సాదాది, ఇచ్చేముందు మూడుసార్లు ఉతికి. (అక్కడ దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అంత నేర్పుగా వచ్చిన నూలుకి గరుకు జరీ తగిలిస్తే ఆ చేపకి అవమానం.) మాడుగుల హల్వా పావుకిలో, కిలో కాదు. ఏటికొప్పాక బొంగరం, పసుప్పచ్చది. అంకుడు కర్ర, లక్క పూత, మొక్కల నుంచి తీసిన రంగులు. మీటింగులో బల్లకింద వేళ్ళతో తిప్పుకోవడానికి ప్లాస్టిక్ స్పిన్నర్ల కంటే నాలుగు రెట్లు హాయి. 2017లో ఆ బొమ్మలకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది గనక పరువు తక్కువేమీ కాదు. పిన్ని ఆ కాగితం చదివి, "ఇదేటే, కిరాణా చీటీలా?" అంది. అవును పిన్నీ. కిరాణా చీటీ పట్టుకెళ్ళినవాడు కందిపప్పు అడిగితే గడియారంతో తిరిగి రాడు.

ఆ చీటీ చదివినవాళ్ళలో పనికొచ్చినవారు ఒక్కరే, కింద అంతస్తు పెద్దాయన. స్టీల్‌ప్లాంటులో మూడు షిఫ్టుల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయనకి ప్రతిదానికీ టైము ఉంటుంది. ఈ దీపావళి పొద్దున్నే పైకొచ్చి, "అమ్మాయ్, పండక్కి నీకేం కావాలి?" అన్నారు. "టపాసులు ఎప్పుడు కాలుస్తారో చెప్పండి మావయ్యగారూ, చాలు" అన్నాను. అరగంటలో క్యాలెండరు కాగితం వెనక రాసి తెచ్చారు. 8:10, లక్ష్మీబాంబులు, ఆరు. 8:30, థౌజండ్‌వాలా, ఒకటి. 8:45 తర్వాత చిచ్చుబుడ్లే, చప్పుడు ఉండదు. 2018లో సుప్రీంకోర్టు రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యనే కాల్చమంది కాబట్టి ఎనిమిది ముందు అగ్గిపుల్ల గీయనన్నారు. అదే తీర్పు సరాల టపాసులు అసలు కాల్చొద్దంది, ఆ పేరా దాకా ఆయన చదవలేదు. నేను చెప్పబోతే అమ్మ మళ్ళీ చెయ్యి గిల్లింది.

8:08కి చెవులు మూసుకుని కూర్చున్నాను. ఆరు లెక్కపెట్టాను. సరిగ్గా ఆరే. నలభై మూడేళ్ళలో లక్ష్మీబాంబుకి ఉలిక్కిపడని దీపావళి అదే.

మర్నాడు పొద్దున వెళ్ళి, "మీకేం కావాలి మావయ్యగారూ?" అని అడిగాను. ఆయన చుట్టూ చూసి, లోపల భార్య లేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు.

"ఏదైనా పర్వాలేదమ్మా. ఆ నెమలి డబ్బా మాత్రం వద్దు. రెండుసార్లు మా ఇంటి మీదుగానే వెళ్ళింది."