ఇంటిచూపుల సర్వేయరు గారు

ఆయన నిజంగా సర్వేయరేమీ కాదు. ఏలూరులో మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అయినా పవర్‌పేట నుంచి తంగెళ్ళమూడి దాకా, మేడ మీద వాటా ఖాళీగా ఉన్న ఏ ఇంటివాళ్ళని కదిపినా "సర్వేయరు గారా? మొన్నే వచ్చి గోడలు కొట్టి చూసి వెళ్ళారండి" అంటారు. చొక్కా జేబులో టేపు, ప్యాంటు జేబులో దిక్సూచి, చంకలో లాంగ్ నోటుబుక్కు. ఇంత సరంజామాతో గుమ్మంలోకి వచ్చిన మనిషిని అద్దెకొచ్చినవాడని ఎవరనుకుంటారు? రోడ్డు వెడల్పు చేయడానికి కార్పొరేషన్ వాళ్ళు పంపారేమోనని ఒక పెద్దాయన భోజనం మధ్యలో లేచొచ్చి, ఎంగిలి చేత్తోనే ప్రహరీ గోడకి అడ్డం నిలబడ్డాడు.

ఇలా ఇళ్ళు చూస్తూ తిరిగే జాతికి ఏలూరులో ఒక పుట్టినరోజు ఉంది. 2022 ఏప్రిల్ 4. ఆ రోజు పాత పశ్చిమ గోదావరి జిల్లా చీలింది. భీమవరం కొత్త పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమయింది, తాడేపల్లిగూడెం అటు వెళ్ళింది. కృష్ణా జిల్లా నుంచి కైకలూరు, నూజివీడు వచ్చి ఏలూరు జిల్లాలో కలిశాయి. ఫైళ్ళు లారీలెక్కాయి, ఫైళ్ళ వెనక మనుషులు బస్సులెక్కారు. అలా వచ్చినవాళ్ళు మూడు రకాలు. దొరికిన ఇల్లు దొరికినట్టు తీసుకుని, పాలు పొంగించేసి, తర్వాత తీరిగ్గా తిట్టుకునేవాళ్ళు ఒక రకం. సీజన్ టిక్కెట్టు కొనుక్కుని అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు రెండో రకం. మూడో రకం వాళ్ళు ఇల్లు చూస్తూ ఉంటారు.

మన సర్వేయరు గారు ఆ మూడో రకంలో పెద్దదిక్కు. ఊరు బందరు. భార్య అక్కడ టీచరు. "ఇల్లు కుదరగానే మావాళ్ళు వచ్చేస్తారండి" అంటూ అంటూనే పెద్దమ్మాయి ఇంటరు బందరులో అయిపోయింది. ఆయనకి మాత్రం పాత బస్టాండు దగ్గర, తెలిసినవాళ్ళ డాబా మీద ఒక గది. తాత్కాలికం కదా అని ఆ గదిలో మేకు కొట్టలేదు, క్యాలెండరు తగిలించలేదు. తేదీ కావాలంటే కిందకి దిగి ఇంటివాళ్ళ క్యాలెండరు చూసి వెళతారు.

ఆయన పెట్టే మొదటి పరీక్ష నీళ్ళది. ఇందులో ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు. 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌనులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. ఆరువందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి బృందాలు దిగాయి. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, పురుగుమందులన్నారు. ఆనాటి నుంచీ ఈ ఊళ్ళో "నీళ్ళెలా ఉంటాయండీ?" అన్నది మర్యాదకి అడిగే ప్రశ్న కాదు.

అయితే సర్వేయరు గారు అక్కడితో ఆగరు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ వచ్చి కలిసే ఊరు ఏలూరు. ఈయనది కృష్ణ నీళ్ళు తాగి పెరిగిన ప్రాణం. అందుకని కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి, "ఇది ఏ నదండీ?" అని అడుగుతారు. ఎన్.ఆర్. పేటలో ఒక మామ్మగారు ఆయన్ని ఎగాదిగా చూసి, "బాబూ, కాపురానికొచ్చిన కాడ్నించీ ఈ కుళాయే. వస్తే పట్టుకుంటాం, రాకపోతే కార్పొరేషన్ని తిట్టుకుంటాం. ఎవరు నువ్వు, ఎక్కణ్ణించొచ్చావు అని నీళ్ళని అడగలేదు నాయనా" అంది. బయటికి రాగానే నోటుబుక్కులో ఎక్కింది: "ఇల్లు బాగుంది. గాలి బాగుంది. యజమానురాలు దేని గురించీ విచారించదు. వద్దు."

రెండో పరీక్ష వారాలది. ఏలూరులో ఆదివారపుపేట ఉంది, లక్ష్మివారపుపేట ఉంది, ఊరిని ఆనుకుని శనివారపుపేట ఉంది. ఆ శనివారపుపేటలో ఇల్లు దొరికింది. తూర్పు వాకిలి, పెరట్లో కొబ్బరిచెట్టు, అద్దె కూడా జేబుకి తగ్గట్టే ఉంది. అడ్వాన్సు తీయబోతూ చెయ్యి ఆగింది. శనివారపుపేటలో ఇంటికి శుక్రవారం పాలు పొంగిస్తే అది ఏ వారం ఖాతాలో పడుతుంది? పంతులుగారిని అడిగితే ఆయన పంచాంగం మూసేసి, "పేటలకి వర్జ్యం ఉండదండి. ఉంటే ఈ ఊళ్ళో సగం మందికి పెళ్ళిళ్ళే అయ్యేవి కావు" అన్నారు.

ఈ ధర్మసందేహం తీరేలోగా వానలొచ్చాయి. తమ్మిలేరు సంగతి ఏలూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఏడాదిలో చాలా నెలలు అది ఏరన్న సంగతి ఎవరైనా గుర్తు చేయాలి. ఎగువన గట్టి వాన పడి, నాగిరెడ్డిగూడెం రిజర్వాయరు గేట్లు ఎత్తారంటే మాత్రం, రెండు పాయలై ఊరికి చెరో పక్కగా కొల్లేటికి పరుగెడుతుంది. ఆ వానలకి శనివారపుపేట కాజ్‌వే మునిగింది. సర్వేయరు గారు ఆఫీసుకి పర్మిషన్ పెట్టి మరీ వెళ్ళి, గొడుగు వేసుకుని గట్టున నిలబడి, "చూశారా! చెప్పానా!" అన్నారు. ఆయన అంతకుముందు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లోకి చుక్క నీళ్ళూ రాలేదు.

ఇంటిచూపులు అచ్చంగా పెళ్ళిచూపులే. కాఫీ ఇస్తారు. లోపమున్న గది తలుపు దగ్గరగా వేసి ఉంచుతారు. అబద్ధాలు ఇరువైపులా మర్యాదగా నడుస్తాయి.

"ఎంతమందండీ మీరు?"

"నలుగురమండి." చుట్టాలు లెక్కలో ఉండరు.

"నీసు గట్రా..."

"ఎప్పుడైనా ఆదివారాలండి." కొల్లేరు పక్కన కూర్చుని కొరమేను వండని అద్దెవాళ్ళ కోసం వెతికే ఓనరు గారికి ఇంతకన్నా ఏం చెబుతాం?

అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. ఓనరు గారు గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం కేసి చూస్తూ, ఆ ప్రశ్న తనది కాదు స్వామివారిదే అన్నట్టు అడుగుతారు.

"ఇంతకీ మీరేవిట్లండీ?"

"సీనియర్ అసిస్టెంటునండి."

"అది సరేనండి. మీరేవిట్లని."

"ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనండి."

"అబ్బే... సొంతూరు?"

"బందరండి."

"బందర్లో ఏ పేటండి?"

పేట తెలిస్తే మనిషి తెలిసిపోతాడని ఓనరు గారి లెక్క. సర్వేయరు గారు మాత్రం ఆ పేట పేరు చెప్పరు. ఊళ్ళో పేటలన్నిటికీ మార్కులు వేసే ఆ మనిషి, తన పేటకి ఇంకెవరైనా మార్కులు వేయబోతే లేచి నిలబడి టేపు చుట్టేసుకుంటారు. ఆ ఇళ్ళ పేజీల్లో "ఈశాన్యంలో మెట్లు. వద్దు" అని ఉంటుంది. ఏలూరులో ఈశాన్యంలో మెట్లున్న ఇళ్ళు అన్ని లేవని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనరు.

ఏలూరు పేటలన్నీ అయిపోయాక సర్వే పరిధి పెరిగింది. మెయిన్ లైను ఉండగా దూరమెంత అనుకుని, ఒక ఆదివారం దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు దాటి తాడేపల్లిగూడెంలో దిగారు. 2015లో నిట్ వచ్చాక గూడెంలో ప్రతి ఓనరూ తన మేడ మీదకి ఒక ప్రొఫెసరు వస్తాడని ఎదురుచూస్తున్నాడు.

"కడకట్ల ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదండి. నిట్ దగ్గరే."

"నాకు నిట్‌తో పనిలేదండి. నేను రోజూ ఏలూరు వెళ్ళాలి."

"అయినా సరే, నిట్ దగ్గరేనండి."

హోల్‌సేల్ ఉల్లిపాయల మార్కెట్టు వైపు ఇంకో ఇల్లు చూపించారు. ఉల్లి ధర పెరిగితే రాష్ట్రమంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది, ఇక్కడుంటే ధర తగ్గినప్పుడు కూడా పెట్టుకోవాలి అన్నారు సర్వేయరు గారు. మూడో ఇంటికి ఏ వంకా దొరకలేదు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఆ ఊళ్ళో ఉందని గుర్తొచ్చింది. "అక్కడిప్పుడు విమానాల్లేవండీ" అని ఓనరు గారు మొత్తుకున్నారు. "లేవనేనండీ నా భయం. ఉంటే ఏ టైముకి వస్తాయో తెలిసేది" అని తిరుగు పాసింజరెక్కేశారు.

ఇక మిగిలింది కొల్లేరు. దాని పక్కనున్న కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాయే గానీ ఆయన లెక్కలో ఇంకా కృష్ణాయే, పుట్టింటి వాసన. వెళ్ళేముందు ఫైళ్ళు చదివారు. 1999లో కొల్లేటిని అయిదో అడుగు కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని, ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇంత చదివాక ఊరుకుంటారా? ఒక లంక ఊళ్ళో, డాబా ఇంటి ముందు నిలబడి, "ఈ ఇల్లు ఎన్నో కాంటూరండీ?" అని అడిగారు.

ఓనరు గారు పాపం నిజాయితీపరుడు. "రెండు గదులు, వంటిల్లేనండి. కాంటూరు కట్టలేదండి. మీకు కావాలంటే వెనకమాల రేకులతో ఒకటి ఏయిత్తానండి" అన్నాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి, ఆ నీళ్ళు కొల్లేటికి చేరి, ఏలూరు కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాక ఆ పేజీకి ఎర్రసిరా అడ్డగీత పడింది. అయితే ఆ ఊరెళ్ళిన రోజు తిరుగుదారిలో ఆటపాక దగ్గర ఆగి గూడబాతుల్ని చూశారట. అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అడ్వాన్సు అడిగేవాడు లేడు, ఏవిట్లని అడిగేవాడు లేడు. పక్షులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గూళ్ళు పెట్టేశాయి. సర్వేయరు గారు చాలాసేపు పరిశీలించి, "గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయండీ. చాటు లేదు" అన్నారు.

ఇలా నవ్వుకుంటాం గానీ, మా ఆఫీసుకి బదిలీ మీద ఎవరొచ్చినా ముందు వెళ్ళేది ఆయన టేబులు దగ్గరికే. బ్రోకరు నోట రానివన్నీ ఆ నోటుబుక్కులో ఉంటాయి. ఏ వీధిలో మునిసిపల్ నీళ్ళు ఎన్నింటికొస్తాయి, బోరు నీళ్ళతో పప్పు ఉడుకుతుందా, ఏ ఓనరు రాత్రి ఎనిమిదికి మోటారు కట్టేస్తాడు, ఎంత వానకి నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వస్తాయి, చేపలచెరువు మీంచి గాలి ఏ నెలలో ఎటు తిరుగుతుంది, అన్నీ. వచ్చినవాళ్ళు చక్కగా అందులోంచి ఆయన వద్దన్న ఇల్లొకటి ఏరుకుని వారంలో సామాను దింపుకుంటారు. "రాత్రంతా రైళ్ళ మోత. వద్దు" అన్న పవర్‌పేట వాటా, రోజూ తెల్లారుజామున బండెక్కాల్సిన కుర్రాడికి తెగ నచ్చింది. వేరే వేరే కులాల వాళ్ళు పెళ్ళి చేసుకుని, ఏలూరంతా తిరిగి, ఏవిట్లన్న ప్రశ్నకి విసిగిపోయిన జంట ఒకటి, "యజమానురాలు దేని గురించీ విచారించదు" అన్న పేజీ దగ్గర ఆగిపోయింది. మామ్మగారు కుళాయిని అడగని ప్రశ్న వాళ్ళనీ అడగలేదు. ఇప్పుడు వాళ్ళే ఆవిడకి బజారునుంచి మందులు తెచ్చిపెడుతున్నారు. వంక లేని పేట ఏ ఊళ్ళోనూ లేదు. ఏ వంక తమకి పట్టదో తెలిసినవాళ్ళకి ఇల్లు ఇట్టే దొరుకుతుంది.

సర్వేయరు గారు ఆ ఇళ్ళన్నిటికీ అప్పుడప్పుడూ తనిఖీకి వెళుతుంటారు. మొన్న వానలు వెలిశాక శనివారపుపేట వెళ్ళారు. అక్కడ మా జూనియర్ అసిస్టెంటు కాపురం.

"నీళ్ళు రాలేదా?" అన్నారు చెప్పులు విప్పుతూనే.

"లేదండి."

"కాజ్‌వే?"

"రెండ్రోజులు చుట్టు తిరిగి వచ్చామండి, అంతే."

"కొబ్బరికాయ ఎవరి నెత్తినా పళ్ళేదూ?"

"లేదండి. పచ్చడి చేసింది మా ఆవిడ. రుచి చూడండి."

ఆయన దిగాలుగా కూర్చుని పచ్చడితో రెండు అట్లు తిన్నారు. మూడోది వడ్డిస్తూ ఆ అమ్మాయి, "పక్క వాటా వచ్చే నెల ఖాళీ అవుతోందండి బాబాయిగారూ. పిన్నిగారినీ పిల్లల్నీ తీసుకుని వచ్చేయండి, మాకూ తోడుంటుంది" అంది. సర్వేయరు గారు చెయ్యి కడుక్కుని, పక్క వాటా వైపు వెళ్ళి, గోడలు కొట్టారు, దిక్సూచి పెట్టారు, కుళాయి తిప్పారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాసేపు ఆలోచించి నోటుబుక్కు తెరిచారు.

"పొరుగువాళ్ళు మరీ మంచివాళ్ళు. ఒకసారి దిగితే ఖాళీ చేయడం కష్టం. వద్దు."