సింగిల్ మాల్టు సంస్కారం

ఎడిన్‌బరోలో కోట దగ్గర మొదలై హోలీరుడ్ రాజభవనం దాకా దిగే వీధి పేరు రాయల్ మైల్. అక్కడ విస్కీ దుకాణాలున్నాయి. వాటి గుమ్మాలకో మహత్తుంది. ఇవతల తాగుబోతు, అడుగు దాటితే రసజ్ఞుడు.

మన పెద్దమనిషి సంగతే చూడండి. సొంతూళ్లో వైన్ షాపు మెట్టెక్కడు, డ్రైవర్ని పంపిస్తాడు. సీసా నల్ల కవర్లో దూరి పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొస్తుంది. ఆ డ్రైవరే సాయంత్రం క్వార్టర్ వేసుకుంటే మాత్రం "వీళ్లు బాగుపడరండీ" అని నిట్టూరుస్తాడు. ఎడిన్‌బరోలో అదే మనిషి గ్లాసులో ముక్కు ముంచి, కళ్లు మూసుకుని, భార్య చేత వీడియో తీయించుకుంటాడు. గంటలోపల బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ ప్రసాదం అందుతుంది.

కౌంటరు కుర్రాడిని తప్పుపట్టలేం. వాడు చదువుకుని చెబుతున్నాడు. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండ్‌లోనే, ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్లు మగ్గాలి. ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. మగ్గేటప్పుడు ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. ఈ మాట చెవిన పడగానే మనవాడికి భక్తి పొంగుకొస్తుంది. మన ఊళ్లో పోచమ్మకి కల్లు సాక పోస్తే మూఢనమ్మకం, వీళ్ల పీపాలోంచి గాల్లో కలిస్తే సంస్కృతి!

తరవాత ఐలా దీవి విస్కీ. అక్కడ బార్లీ మొలకల్ని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడినేలల్లో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకుపోయిన నాచూ గడ్డీ. ఆ పొగ పట్టిన విస్కీ ఆసుపత్రి వార్డు వాసనేస్తుంది. ఇంట్లో పప్పు అడుగంటితే కంచం తోసేసే మహానుభావుడు, ఇక్కడ పౌండ్లు లెక్కపెట్టి ఇచ్చి మరీ "ఆహా, ఏం పొగండీ!" అంటాడు.

అడగాల్సింది మాత్రం అడగడు. అట్టమీది 12 అనే అంకె, సీసాలో కలిసినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. అంకె లేకుండా నోరు తిరగని గేలిక్ పేరొక్కటే ఉంటే, వయసు చెప్పడం కంపెనీకి ఇష్టం లేదన్నమాట. ఆ బంగారు రంగంతా పీపా చలవేనని నమ్మక్కర్లేదు, కారమెల్ కలుపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. జర్మనీలో అమ్మితే రంగు కలిపినట్టు అట్టమీద రాయాలి, సొంతగడ్డ మీద ఆ బాధ లేదు. 1842 నాటి కేడెన్‌హెడ్ సంస్థ దుకాణం ఇదే వీధి దిగువన ఉంది. వాళ్లు డిస్టిలరీల నుంచి పీపాలు తెచ్చుకుని, రంగు కలపకుండా నింపి అమ్ముతారు. అట్ట సాదాగా ఉంటుంది. మనవాడికి అదెందుకు? షోకేసులో మెరిసే డబ్బా కావాలి. లోపలున్నది చుట్టాలకి కనపడదు కదా.

ఇంకోటి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలాభాగం మొలాసిస్ స్పిరిట్టే. యూరప్‌లో దాన్ని విస్కీ అననివ్వరు. అసలైన బార్లీతో సింగిల్ మాల్టు చేసిన బెంగళూరు అమృత్ వాళ్లు 2004లో దాన్ని ముందు ఎక్కడ విడుదల చేశారో తెలుసా? గ్లాస్గోలో. మన సరుకు మనకి నచ్చాలంటే ముందు దొరలు మెచ్చాలని వాళ్లకి బాగా తెలిసినట్టుంది.

బయల్దేరే పెద్దమనుషులకో మనవి. అక్కడి సీసా 700 మిల్లీలీటర్లు. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే తెచ్చుకోనిస్తారు. మూడు సీసాలు సర్దుకుంటే నూరు మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి. కస్టమ్స్ అధికారికి పీపాల గురించీ పొగ గురించీ ఉపన్యాసమివ్వకుండా నోరుమూసుకుని సుంకం కట్టండి.