బావమరిది చెబితే వినాలా?

కాటన్ బనియన్ మీద నాకున్న నమ్మకం ఇంకే బట్ట మీదా లేదు. గుంటూరు ఎండల్లో అది చేసిన మేలు అలాంటిది. అందుకని కొలరాడోలో, నవంబరు మంచులో, తొమ్మిది వేల అడుగుల ఎత్తుకి ఎల్క్ వేటకు పోతూ కూడా లోపల అదే తొడుక్కున్నాను. దాని మీద ఫ్లానెల్ చొక్కా, కింద జీన్సు, అన్నిటి మీదా ఇంట్లో ధర తగ్గించి చెప్పిన డౌన్ జాకెట్టు.

ఎల్క్ మన కణితికి చుట్టమే కానీ చాలా పెద్దది. మగది 300 కిలోల పైన తూగుతుంది. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని కొలరాడోలో ఉన్నాయి. మన దగ్గర వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సిచ్చి, ఏ రోజుల్లో, ఏ కొండల్లో, మగదాన్నా ఆడదాన్నా కొట్టాలో కూడా రాసిస్తుంది. దానికో కోర్సు ఉంది. అది ప్యాసైన కార్డు జేబులో పడగానే నాకు సగం వేట వచ్చేసిందనుకున్నాను.

మా బావమరిది డెన్వర్లో ఉంటాడు, ఏటా వేటకెళ్తాడు. ఏం తెచ్చుకోవాలో పెద్ద జాబితా పంపాడు. సగం చదివి ఆపేశాను. కాశీయాత్ర నాడు నా గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి బతిమాలినవాడు, వాడు నాకు మేజోళ్ల గురించి చెప్పడమేమిటి?

జాబితాలో మొదటి మాట కాటన్ వద్దని. రెండోది, ఎక్కేటప్పుడు కాస్త వణుకుతూనే బయల్దేరమని. నేను జాకెట్టు జిప్పు గొంతుదాకా లాక్కుని ఎక్కాను. పావుగంటలో వీపంతా చెమట. పైన గాలిలో కదలకుండా కూర్చున్నాక ఆ బనియనే మంచుపట్టీ అయింది. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది. మెరీనో ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగులుస్తుంది. డౌన్ ఈకలు చెమటకి ముద్దకట్టి చదునైపోతే అంత డబ్బూ దండగే. ఎక్కేటప్పుడు జాకెట్టు సంచిలో ఉండాలి, కూర్చున్నాక ఒంటి మీదికి రావాలి. ఇంతే సంగతి. చలికి భయపడి వచ్చినవాణ్ణి నా చెమటే పడగొట్టింది.

మేజోళ్లు కూడా రెండు జతలు వేశాను, రెండూ లావువే. బూటు బిగిసి నెత్తురు ఆడక వేళ్లు మొద్దుబారాయి. “లోపల వేళ్లు ఆడాలి బావా,” అన్నాడు వాడు, మెల్లగా. ఒక జత విప్పాను, వాడు అటు తిరిగాక.

జాకెట్టు ఆకులు కొమ్మలు అచ్చేసిన రకం. దాన్ని నారింజ రంగు చొక్కా మీద తొడిగేసరికి వాడికి నిజంగా కోపమొచ్చింది. తుపాకీ సీజన్లో నడుముకు పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ బయటికి కనబడాలి, టోపీ సహా. అది చట్టం. మనకు కొట్టొచ్చినట్టుండే ఆ నారింజ ఎల్క్ కంటికి అలా కనబడదు. అది పసిగట్టేది వాసనని. పొద్దున ఎండ తగిలాక గాలి వాలు పైకి పాకుతుంది, సాయంత్రం కిందికి జారుతుంది, దాన్నిబట్టి కూర్చోవాలి. నేనేమో తలకు కొబ్బరినూనె పట్టించి మరీ వచ్చాను.

రాత్రి డేరాలో కట్టెల పొయ్యి. గుళ్లు తీసిన రైఫిలైనా బయట చల్లగానే ఉండనిమ్మన్నాడు. పాపం దానికీ చలేస్తుందన్నట్టు నేను లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. చల్లటి ఇనుము మీద, స్కోపు అద్దం మీద డేరాలోని తేమ నీరుగా పట్టింది. తెల్లారి బయటికి తీస్తే అది గడ్డకట్టింది. సరిగ్గా అప్పుడే చెట్ల అంచున ఒక మగ ఎల్క్ వచ్చి నిలబడింది. స్కోపులో నాకు పాలమీగడ తప్ప ఏమీ కనబడలేదు. వేలితో తుడిచాను, నోటితో ఊదాను, ఊదితే ఇంకా మంచు. అది తీరిగ్గా వెళ్లిపోయింది.

చీకటి పడబోతుండగా బావమరిది ఒకదాన్ని కొట్టాడు. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. “బయటంతా ఫ్రిజ్జే కదరా, పొద్దున్న చూసుకుందాం,” అన్నాను. వాడు జవాబివ్వకుండా కత్తి తీశాడు. ఆ మందపు తోలు కింద వేడి గంటలకొద్దీ నిలుస్తుంది. బయట నీళ్లు గడ్డకట్టే చలిలోనూ తుంటి ఎముక చుట్టూ మాంసం లోపల్నించి పాడవుతుంది. తోలు ఒలిచి, కాళ్లు నాలుగూ విడదీసి, గాలాడే గుడ్డసంచుల్లో కొమ్మకు వేలాడదీస్తేనే దక్కేది. వెలుగు పట్టడం నా పని. నా తలదీపంలో టీవీ రిమోట్లోంచి తీసిన బ్యాటరీలున్నాయి. ఆ రకం చలికి నీరసిస్తుంది, లిథియమ్‌వి వేసుకోవాలని జాబితాలో నేను చదవని సగంలో ఉందట. కాసేపటికే ఆరిపోయింది. మిగతా పనంతా వాడి దీపంతోనే, వాడే చేసుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ తమ్ముణ్ణి అడిగింది, బావ ఎలా చేశాడురా అని.

“బావ లేకపోతే అయ్యేది కాదక్కా,” అన్నాడు.

నేను కాదనలేదు. ఇంకాస్త కూర వడ్డించుకున్నాను.