మార్చి 31 వరకే సేవ

రెండేళ్లు సోషల్ వర్క్ చదివి, ఎంఎస్‌డబ్ల్యూ పట్టాతో పాడేరు ఏజెన్సీకి బయల్దేరిన కుర్రాడికి పని కొరత లేదు. బాల్యవివాహాలు, నాటుసారా, డోలీ మోతలు, బడి మానేసిన పిల్లలు... కావలసినంత! కొరతల్లా కొలువుకే. దొరికితే కాంట్రాక్టు, అదీ మార్చి 31 దాకా. సమస్యలకు మాత్రం ఆ గడువు వర్తించదు, అవన్నీ పర్మనెంటు. సొంత బండి తప్పనిసరి, పెట్రోలు 'సేవా దృక్పథం' ఖాతాలో. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లోనే మొదలైంది, అయినా అంగన్‌వాడీ అక్కకు ఇప్పటికీ గౌరవ వేతనమే. (ఆ గౌరవం కిరాణా కొట్టులో చెల్లదు మరి!) ప్రస్తుతం మనవాడు ఊరూరా తిరిగి స్వయం ఉపాధిపై యువతకు అవగాహన కల్పిస్తున్నాడు. మొన్న సదస్సు ముగిశాక, రుణం దరఖాస్తు ఫారం ఒకటి తనకూ ఇవ్వమని బ్యాంకు మేనేజరును చాటుగా అడిగాడట.