వంటింటి పరపతి విధాన కమిటీ నుంచి ముంబయికి ఒక ఉత్తరం

ద్రవ్య పరపతి విధాన కమిటీ ఆరుగురు సభ్యులకు,
భారతీయ రిజర్వు బ్యాంకు, మింట్ రోడ్డు, ముంబయి.

అయ్యా, అమ్మా,

విజయవాడ నుంచి ఒక గృహిణి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కందిపప్పు కూడా ప్రస్తుతానికి క్షేమంగానే ఉంది. నూనె సంగతి మాత్రం తెల్లారేసరికి ఎలా ఉంటుందో చెప్పలేను. మీ క్షేమ సమాచారాలు రెండు నెలలకోసారి టీవీలో తెలుస్తూనే ఉన్నాయి.

ముందు ఈ ఉత్తరం ఎందుకు రాయాల్సివచ్చిందో చెప్పాలి. 2022లో ధరల పెరుగుదల వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం గీత దాటి కూర్చుంది. అలా దాటితే ఎందుకు దాటిందో, ఏం చేయబోతున్నారో, ఎప్పటికి దారికి తెస్తారో ప్రభుత్వానికి సంజాయిషీ రాసుకోవాలని రిజర్వు బ్యాంకు చట్టంలోనే ఉంది. ఆ ఏడాది నవంబరు 3న మీరు ఇందుకోసమే ప్రత్యేకంగా కూర్చున్నారు. ఉత్తరం వెళ్లింది. అందులో ఏముందో మాత్రం బయటపెట్టలేదు. నూనె ప్యాకెట్టు ధర ఊరందరికీ తెలుసు, అది ఎందుకు పెరిగిందో రాసిన ఉత్తరం మాత్రం రహస్యం! మా ఇళ్లలో దాచుకునే ఉత్తరాలు ఒకే రకం, అవీ పెళ్లికి ముందువి. సరే, మీరు రాసింది మాకు చూపించలేదు కాబట్టి, మేం రాసేది అందరి ముందూ పెడుతున్నాం.

మాదీ ఆరుగురు సభ్యుల కమిటీయే. అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, నేను, డిగ్రీలో కామర్స్ చదివే అబ్బాయి, ఇంటర్ చదివే అమ్మాయి. మీలో ముగ్గురు బ్యాంకు మనుషులు, ముగ్గురు ప్రభుత్వం పంపినవాళ్లు అని అబ్బాయి చెప్పాడు. మాలోనూ అంతే, కొందరు వండేవాళ్లు, మిగిలినవాళ్లు వంకపెట్టేవాళ్లు. ఓట్లు సమానమైతే మీ దగ్గర గవర్నరుగారి ఓటు తేలుస్తుందట. మా దగ్గర ఓట్లు సమానం కాకపోయినా అత్తయ్యగారే తేలుస్తారు. మీ సమావేశంలో ఏం మాట్లాడుకున్నారో పద్నాలుగో రోజున బయటికొస్తుంది. మా మాటలు పద్నాలుగో నిమిషంలో ఎదురింట్లో ఉంటాయి.

పేరు దగ్గర మాత్రం చిన్న తేడా ఉంది. మీకు పరపతి అంటే వడ్డీ, బ్యాంకు, అప్పు. మాకు పరపతి అంటే సందు చివర కిరాణా కొట్లో మా పేరున్న ఖాతా పుస్తకం. ఒకటో తారీఖున ఎంత కడతాం, ఇరవయ్యో తారీఖు తర్వాత కొట్టాయన మొహం ఎలా ఉంటుంది, అదీ మా పరపతి. అప్పుచేసి పప్పుకూడు అని వెనకటివాళ్లు సోకులకు పోయేవాళ్లని ఎగతాళి చేసేవారు. ఇప్పుడు ఆ సామెత చెబితే మా వీధిలో ఎవరూ నవ్వడం లేదు, పప్పు కిలో ఎంత అని అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. అక్కడ పొద్దుతిరుగుడు పువ్వు ఏ దిక్కుకు తిరిగిందో గానీ, ఇక్కడ మా మూకుడు మాడిపోయింది. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిలు ఎగుమతి ఆపేసింది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే కదా. మేం గారెలు మానేశాం. పులిహోర తిరగమోతలో వేరుశనగలు సగానికి దిగాయి. అప్పడాలు నిప్పుల మీద కాల్చుకున్నాం, మామయ్యగారు ఇదే ఆరోగ్యమని సర్దుకున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. మేలో మీరు రంగంలోకి దిగారు. బ్యాంకులకు మీరిచ్చే అప్పు మీద వడ్డీని, అదే రెపో రేటును, 4 శాతం నుంచి మరుసటి ఫిబ్రవరికల్లా 6.50కి ఎక్కించారు. దాంతో మేం ఇంటికోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ పెరిగింది. నెల వాయిదా పెంచకుండా కాలం పెంచారు. ఇప్పుడు ఆ అప్పు తీరే తేదీ మావారి రిటైర్మెంటు దాటి అవతల ఎక్కడో నిలబడి చెయ్యి ఊపుతోంది.

నాకు అర్థమైంది ఇదీ. నూనె ధర పెరిగినందుకు కొట్లో ఒకసారి కట్టాం. నూనె ధర తగ్గించడానికని బ్యాంకులో రెండోసారి కట్టాం. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే అనుకుంటా. మీ సిద్ధాంతం అబ్బాయి విడమరిచి చెప్పాడు: అప్పు ఖరీదైతే జనం కొనడం తగ్గిస్తారు, గిరాకీ తగ్గితే ధర దిగుతుంది. నిజమే కావచ్చు. కానీ వడ్డీ పెరిగిందని పోపులో ఆవాలు తగ్గించే ఇల్లు మా వీధిలో లేదు. ఆవాలు ఎప్పుడో తగ్గిపోయాయి.

2024 సెప్టెంబరు సంగతి కూడా చెప్పాలి, అది మీ పని కాదని తెలిసినా. ఆ నెల 14 నుంచి ముడి వంటనూనెల మీద మూల దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. నూనెగింజలు పండించే రైతుకు మేలు అన్నారు, కాదనను. పాత సుంకంతో తెచ్చిన సరుకు అయ్యేదాకా ధర పెంచొద్దని కంపెనీలకు ప్రభుత్వం చెప్పింది కూడా. ఆ మాట మా సందు దాకా నడిచి రావడానికి టైం పట్టినట్టుంది, కొత్త ధర మాత్రం ముందే వచ్చేసింది. దసరా దగ్గర్లో ఉంది కదా, దానికీ తొందరే. 2025 మే చివర్లో ఆ 20ని 10 చేశారు. పెరిగేటప్పుడు ఎక్స్‌ప్రెస్ బండిలో వచ్చిన ధర, తగ్గేటప్పుడు ప్యాసింజరెక్కి ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ వస్తోంది. పైగా ప్యాకెట్టు ఒకటే రంగు, ఒకటే బొమ్మ. ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకుని చూస్తే లీటరుకు ఉండాల్సిన 910 గ్రాములకు బదులు అడుగున చిన్న అక్షరాల్లో 750. అద్దాలు మామయ్యగారివి, ఖాతా నాది.

నూనె ప్యాకెట్టు తగ్గి దెబ్బతీస్తే, బియ్యం బస్తా పెరిగి దెబ్బతీసింది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాకింగు చేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ అన్నారు. కొద్దిరోజుల్లోనే మా కొట్లో 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను తప్పించుకోవడానికి ఒక బస్తా కిలో బరువెక్కడం నా ఎరుకలో అదే మొదలు. అప్పట్నుంచి పాత ధరకూ కొత్త ధరకూ పోలిక చూడాలంటే భాగహారం చేయాలి. ఇప్పటికీ ఇంటికి 26 కిలోల బస్తానే వస్తోంది, మోసే కుర్రాడికి ఆ కిలో కూలీ మాత్రం ఎవరూ కలపలేదు.

మీరు అప్పుడప్పుడు ద్రవ్యోల్బణం తగ్గిందని చెబుతారు. 2025 అక్టోబరు నెలకు 0.25 శాతమే అన్నారు. ఆ రోజు మావారు పేపరు మడిచి నా ముందు పెట్టి, కిరాణా డబ్బులు ఈ నెల కాస్త తగ్గించుకోవచ్చా అని అడిగారు. ఆయన ఏడాదికి ఆరు కిలోల చొప్పున పెరిగిన మనిషి. కిందటేడు పావుకిలోనే పెరిగారు. అంతమాత్రాన పాత ప్యాంటు పట్టిందా? ధరల సంగతీ అంతే. పెరగడం మందగించింది గానీ పెరిగింది పెరిగినట్టే ఉంది. నిజానికి ఆ నెల కూరగాయలు, పప్పులు కిందటేడు కంటే చవకే, అబద్ధమాడను. కందిపప్పు బాగా దిగింది. కానీ నూనె దిగలేదు, పాలు దిగలేదు, కాఫీపొడి అయితే చెప్పనే అక్కర్లేదు. బ్రెజిల్లో, వియత్నాంలో వానలు ముఖం చాటేస్తే అత్తయ్యగారి రెండో కాఫీకి ఎసరొచ్చింది. ఇంకో చిత్రం, మీకు 2 శాతం కంటే కిందికి దిగినా బెంగేనట, అటు కూడా ఒక గీత ఉందట. ధరలు పెరగట్లేదని దిగులుపడే కమిటీ ఒకటి ఉందని చెబితే అత్తయ్యగారు నమ్మలేదు. వాళ్లకు తీరిక ఎక్కువై ఉంటుంది అన్నారు. ఆ మాట ఉత్తరంలో రాయొద్దని కూడా అన్నారు.

ఇప్పుడు నాకు నిజంగా మనసులో గుచ్చుకున్న మాట. ‘కోర్’ ద్రవ్యోల్బణం అని ఒకటుంది. అందులో తిండి ఉండదు, ఇంధనం ఉండదు. 2024 జులైలో వచ్చిన ఆర్థిక సర్వే ఇంకో అడుగు ముందుకేసి, మీ లక్ష్యంలోంచి తిండి ధరలు తీసేసే సంగతి ఆలోచించమంది. అబ్బాయి ఇది చదివి వినిపించినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. బియ్యం, పప్పు, కూర, గ్యాసు తీసేస్తే మా ఇంటి ‘కోర్’ ఏం మిగులుతుందా అని చుట్టూ చూశాను. ఒక సోఫా, ఒక క్యాలెండరు, దాని కింద పేపరు చదువుతూ మావారు.

ఆ సూచనలో న్యాయం లేదనను. వడ్డీ పెంచితే మదనపల్లెలో వాన పడదు, తగ్గిస్తే తెగులు ఆగదు. 2023 జులై, ఆగస్టుల్లో అదే మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దగ్గరికి వెళ్లింది. ఇంకో సీజన్లో పత్తికొండలో రూపాయికి అడిగే దిక్కులేక రైతులు రోడ్డు పక్కన పారబోశారు. రెంటికీ రెపో రేటు మందు కాదు. మీ బ్యాంకు పరిశోధకులే 2024లో లెక్కగట్టారు, మేం టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు అందేది 33 పైసలేనని. మిగిలిన 67 పైసలు ఏ లారీలో, ఏ కమీషన్లో, ఏ కుళ్లిన గంపలో పోతున్నాయో అక్కడ మీ వడ్డీ చెయ్యి వెళ్లదు. మీ చేతిలో పనిముట్టు లేదంటే ఒప్పుకుంటాం. పనిముట్టు లేదు కాబట్టి రోగమే లెక్కలోకి రాదంటేనే కష్టం.

ఎందుకంటే తిండి ధర పెరిగినప్పుడు ఎవరో ఒకరు సర్దాలి. మీరు రెపో రేటు మార్చడానికి చాలా ముందే మా ఇంట్లో గరిటె రేటు మారుతుంది. 2023 జులైలో మీ సూచీ 7.44 శాతం పెరుగుదల చూపించింది. మా గిన్నె ఏమీ చూపించలేదు. పప్పులో టమాటా బదులు చింతపండు, అది కూడా పప్పు పలచన చేశాక పులుపు చాలనంత. చారులో చారుపొడి ఒక చెంచా ఎక్కువ, రంగు కోసం. బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి. పిల్లల కంచాల్లో కూర అంతే ఉంది, పెద్దవాళ్ల కంచాల్లో అంతే ఉంది. అందరికీ సరిపోయింది. గరిటె పట్టుకున్న మనిషి ఆఖర్న కూర్చుని మజ్జిగన్నంలో ఆవకాయ బద్ద పెట్టుకుని తింది. నాకు ఆకలి లేదని చెప్పడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మమ్మ అన్న మాట కూడా అదే. మీ దగ్గర ధరలు కొలవడానికి 299 వస్తువుల బుట్ట ఉండేది కదా. ఈ మాట దాంట్లో ఏ వరసలో రాస్తారో అడిగి చెప్పండి. బుట్ట మీది కాదు, గణాంకాల శాఖదని అబ్బాయి అంటున్నాడు, అక్కడికే పంపండి పోనీ.

మీరు రెండు నెలలకోసారి 19 ఊళ్లలో ఇళ్లకు మనుషుల్ని పంపి, ధరలు ఎంత పెరిగాయనుకుంటున్నారని అడిగిస్తారట. హైదరాబాదు ఉంది, మా విజయవాడ లేదు. ఆ ఇళ్లవాళ్లు చెప్పే అంకె మీ అంకె కంటే ఎప్పుడూ పెద్దదేనట. జనానికి లెక్కలు రావని మీలో ఎవరైనా అనుకుంటే ఒక ఆదివారం రైతుబజారుకు రండి. అక్కడ కాగితం లేకుండా, పెన్ను లేకుండా పదకొండు కూరలకు మొత్తం చెప్పే ఆడవాళ్లు వరసగా కనిపిస్తారు. వాళ్లకు మీ సూచీలో లేని వస్తువు ఒకటి తెలుసు, కొసరు. పదేళ్ల కిందట కూరలు కొంటే అడక్కుండానే రెబ్బ కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడేవి. తర్వాత అడిగితే పడేవి. ఇప్పుడు అడిగితే, ‘పది రూపాయల కట్ట ఉందమ్మా’ అంటున్నారు. సున్నా నుంచి పదికి పెరిగితే ఎంత శాతమో మా అబ్బాయిని అడిగాను. సున్నాతో భాగించకూడదమ్మా, అది లెక్కకు రాదు అన్నాడు.

మా కమిటీ తీర్మానం: ఈ నెల గరిటె రేటు యథాతథం. అయిదుగురు అనుకూలం, మామయ్యగారు అసమ్మతి. ఆదివారం గారెలు కావాలని ఆయన విడిగా చీటీ రాసిచ్చారు. నూనె ఒకసారి చూసి చెబుతానన్నాను.

ఇట్లు,
వంటింటి పరపతి విధాన కమిటీ తరఫున
విజయవాడ గృహిణి

తా.క.: 2022లో మీరు రాసిన ఆ ఉత్తరం నకలు ఒకటి పంపండి. తపాలా బిళ్ల డబ్బులు మేమే పెట్టుకుంటాం. చదివి ఎదురింటి వాళ్లకు కూడా చెప్పబోమని అత్తయ్యగారు మాటిస్తున్నారు.